అనిశ్చితి బరువు ఎవరి మీద? సరఫరా గొలుసు నిర్వహణలోని అసలు చిక్కు

2011 మార్చి 11న భూకంపం, సునామీ జపాన్ ఈశాన్య తీరాన్ని అతలాకుతలం చేసిన కొన్ని వారాలకే, అక్కడికి వేల కిలోమీటర్ల దూరాన ఉన్న అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన డీలర్లకు ఒక వింత సూచన పంపింది. ఒక రకం నలుపులోనూ కొన్ని ఎరుపు ఛాయల్లోనూ వాహనాలకు ఇక ఆర్డర్లు తీసుకోవద్దన్నది దాని సారాంశం. ఇంజిన్లకు, చక్రాలకు కొరత లేదు. కొరత వచ్చిపడింది రంగుకు మెరుపునిచ్చే జిరాలిక్ అనే పొడికి. జర్మనీకి చెందిన మెర్క్ సంస్థ ఆనాటికి ఆ పొడిని ప్రపంచం మొత్తానికీ ఒకే ఒక్క కర్మాగారంలో, జపాన్‌లోని ఒనహామాలో తయారుచేసేది. ఆ కర్మాగారం మూతపడింది. వాహన తయారీదారులు రంగును కొనేది రంగుల కంపెనీల దగ్గర. ఆ కంపెనీలు అందులో కలిపే పొడిని ఎవరి దగ్గర, ఎన్ని చోట్ల నుంచి తెచ్చుకుంటున్నాయో ఆరా తీయవలసిన అవసరం అంతకుముందు ఎవరికీ రాలేదు. ఒక్కో వాహనంలో 30,000 దాకా విడిభాగాలు ఉంటాయి కాబట్టి, ఆరా తీయాలనుకున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం కూడా కష్టమే.

సరఫరా గొలుసు అనే మాటలో ఉన్న ఒక లోపాన్ని ఈ ఉదంతం బయటపెడుతుంది. గొలుసు అనగానే ముడిసరుకు, తయారీ, టోకు, చిల్లర, వినియోగదారు అని వరుసగా పేర్చిన కొక్కేలు మనసులో మెదులుతాయి. వాస్తవంలో ఉండేది వల. ప్రతి సంస్థకూ అటు పదులూ వందలూ సరఫరాదారులు, ఇటు అంతమంది కొనుగోలుదారులు ఉంటారు. పైకి వేర్వేరుగా కనిపించే దారాలు నాలుగైదు అంచెల వెనక ఒకే ముడి దగ్గర కలుస్తుంటాయి. అయినా పేరు స్థిరపడిపోయింది. బూజ్ అలెన్ హామిల్టన్ అనే సలహా సంస్థలో సలహాదారుగా ఉన్న కీత్ ఆలివర్ 1982లో ఒక పత్రికా ఇంటర్వ్యూలో వాడిన ‘సప్లయ్ చైన్ మేనేజ్‌మెంట్’ అనే పదబంధం తర్వాతి కాలంలో ఒక శాస్త్రానికే పేరయింది. కొనుగోలు, తయారీ, నిల్వ, రవాణా అనే శాఖలు ఎవరి లెక్క వారు చూసుకోవడం మానేసి, అంతటినీ ఒకే వ్యవస్థగా నడపాలన్నది ఆ మాట వెనక ఉన్న ఆలోచన.

ఆ వ్యవస్థలో మూడు ప్రవాహాలు ఉంటాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సరుకు ఉత్పత్తిదారు నుంచి వినియోగదారు వైపు, డబ్బు అందుకు ఎదురుగా, సమాచారం రెండు వైపులా ప్రవహిస్తాయి. ఈ వర్ణనలో తప్పేమీ లేదు గానీ, పని ఎందుకు కష్టమో ఇది చెప్పదు. కష్టానికి మూలం ఒక సాదా వాస్తవంలో ఉంది. వస్తువును తయారుచేసి చేర్చడానికి పట్టే కాలం, దాని కోసం వినియోగదారు ఎదురుచూడగలిగే కాలం కంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువ. తయారీకి మూడు నెలలు పట్టే వస్తువు కోసం కొనేవాడు మూడు రోజులు కూడా ఆగకపోతే, మిగిలిన రోజుల పనంతా గిరాకీ తెలియకముందే, ఊహ మీద ఆధారపడి జరగాలి. ఊహ ఎంతో కొంత తప్పకుండా తప్పుతుంది. ఆ తప్పు తాలూకు బరువును మోయడానికి మూడే దారులున్నాయి. సరుకును ముందే తయారుచేసి నిల్వ ఉంచడం ఒకటి, అవసరానికి మించిన సామర్థ్యాన్ని సిద్ధంగా ఉంచుకోవడం రెండవది, కొనేవాడిని ఎదురుచూడమనడం మూడవది. నిల్వ, సామర్థ్యం, సమయం: ఈ మూడింటిలో ఏదీ ఇవ్వనని మొండికేసిన సంస్థ కూడా చివరికి ఏదో ఒకటి చెల్లిస్తుంది, కాకపోతే తనకు తెలియకుండా, ఎక్కువ ధరకు చెల్లిస్తుంది. సరఫరా గొలుసులో వ్యూహం అని పిలిచేదంతా ఈ బరువును ఏ రూపంలో, ఏ చోట, ఎవరి భుజాన ఉంచాలనే నిర్ణయమేనని నా అభిప్రాయం.

నిల్వ లెక్కలు చెప్పే సంగతి

ముందుగా నిల్వ సంగతి చూద్దాం. ఒకేసారి ఎంత సరుకు తెప్పించాలనే ప్రశ్నకు ఫోర్డ్ విట్‌మన్ హారిస్ 1913లోనే ఒక సూత్రం ఇచ్చాడు. (ఆయన పేరులోని ఫోర్డ్‌కూ పైన చెప్పిన కంపెనీకీ సంబంధం లేదు.) తరచుగా ఆర్డరు పెడితే పెట్టిన ప్రతిసారీ అయ్యే ఖర్చు పెరుగుతుంది, ఒకేసారి ఎక్కువ తెప్పిస్తే నిల్వ ఖర్చు పెరుగుతుంది, రెండూ కలిసి కనిష్ఠమయ్యే పరిమాణం ఒకటి ఉంటుంది. ఇది గిరాకీ ముందే తెలిసిన లోకానికి సరిపోయే లెక్క. గిరాకీ తెలియని లోకంలో దానికి అదనంగా సేఫ్టీ స్టాక్ కావాలి, అంటే అనుకున్న దానికంటే ఎక్కువ అమ్ముడుపోయినా, సరుకు ఆలస్యంగా వచ్చినా ఆదుకునే భద్రతా నిల్వ. దీన్ని చాలా సంస్థలు ‘రెండు వారాల సరుకు’ అనో ‘నెల సరుకు’ అనో కంటి అంచనాతో నిర్ణయించుకుంటాయి. లెక్క వేసి చూస్తే మాత్రం కొన్ని అనుకోని సంగతులు బయటపడతాయి.

ఒక వస్తువు రోజుకు సగటున 100 అమ్ముడవుతుందనీ, రోజువారీ హెచ్చుతగ్గుల ప్రామాణిక విచలనం (అమ్మకం సగటు నుంచి మామూలుగా అటూ ఇటూ తొలగే మేర) 20 అనీ, ఆర్డరు పెట్టిన 9 రోజులకు సరుకు కచ్చితంగా వస్తుందనీ అనుకుందాం. ఒక రోజు పెరుగుదలను మరో రోజు తగ్గుదల కొంత సరిచేస్తుంది కాబట్టి, 9 రోజుల మొత్తం హెచ్చుతగ్గు 9 రెట్లు కాక, 9 వర్గమూలమైన 3 రెట్లే అవుతుంది, అంటే 60. నూటికి 95 సార్లు సరుకు నిండుకోకుండా ఉండాలంటే గణాంక పట్టికల ప్రకారం దాన్ని 1.65తో గుణించాలి, భద్రతా నిల్వ 99 అవుతుంది. 99 శాతం భరోసా కావాలంటే 140 కావాలి, 99.9 శాతానికి దాదాపు 185. చివరి ఒక్క శాతంలోని పిసరంత భాగం కోసం నిల్వ ఎంత పెరుగుతోందో గమనించండి. ‘మా దగ్గర ఏ వస్తువూ ఎప్పుడూ నిండుకోకూడదు’ అని యాజమాన్యం తేలిగ్గా అనే మాటకు గణితంలో అర్థం అనంతమైన నిల్వ.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అదే సరఫరాదారు సగటున 9 రోజులకే పంపుతున్నా, ఒకసారి 7 రోజులకూ ఇంకోసారి 11 రోజులకూ పంపుతూ, ఆ కాలపు విచలనం 2 రోజులు ఉందనుకుందాం. అప్పుడు గిరాకీ హెచ్చుతగ్గుకు ఆలస్యపు హెచ్చుతగ్గు తోడై, మొత్తం విచలనం 60 నుంచి సుమారు 209కి ఎగబాకుతుంది. 95 శాతం భరోసాకు కావలసిన నిల్వ 99 నుంచి దాదాపు 345 అవుతుంది. ఇక 16 రోజులు పట్టినా ఒక్క రోజు కూడా మాట తప్పని మరో సరఫరాదారు ఉంటే, అతనితో 132 నిల్వ సరిపోతుంది. అంటే నమ్మకంగా ఆలస్యమయ్యేవాడు, త్వరగా తెస్తానంటూ తేదీ తప్పేవాడి కంటే ఎంతో మేలు. కొనుగోలు విభాగాలు ధరనూ, పేర్కొన్న గడువునూ బేరమాడినంత పట్టుదలగా గడువు స్థిరత్వాన్ని బేరమాడవు. దాన్ని కొలిచే అలవాటు కూడా చాలా చోట్ల లేదు. ఖరీదు మాత్రం గోదాములో పేరుకుంటుంది, అది మరో విభాగం లెక్కలో పడుతుంది.

ఇదే వర్గమూల సూత్రం మరో వెసులుబాటు ఇస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని గిరాకీ ఉన్న నాలుగు ప్రాంతాలకు నాలుగు గోదాముల్లో విడివిడిగా ఉంచిన భద్రతా నిల్వను ఒకే చోటికి చేరిస్తే, మొత్తంలో సగంతోనే అదే భరోసా దొరుకుతుంది. సరుకు వినియోగదారుకు దూరమవుతుంది, రవాణా ఖర్చు పెరుగుతుంది. ఆ మేరకు నిల్వ బరువు సమయం మీదికి మారిందన్నమాట. స్థలాన్ని కలపలేని చోట వస్తువునే కలపవచ్చు. బెనెటన్ కంపెనీ స్వెటర్లను రంగు వేయని నూలుతోనే అల్లి, ఏ రంగుకు గిరాకీ ఉందో తెలిసిన తర్వాత అద్దకం వేయడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. హ్యూలెట్ ప్యాకార్డ్ తన డెస్క్‌జెట్ ప్రింటర్లను అన్ని దేశాలకూ ఒకే రూపంలో తయారుచేసి, ఆయా దేశాల విద్యుత్తుకు సరిపడే పవర్ సప్లయ్‌నీ స్థానిక భాషలోని పుస్తకాన్నీ పంపిణీ కేంద్రంలోనే జతచేసింది. మొత్తం ఎన్ని స్వెటర్లు అమ్ముడవుతాయో ఊహించడం తేలిక, ఎన్ని ఎర్రవో ఊహించడం కష్టం. అందుచేత తేలికైన ఊహను ముందు చేసి, కష్టమైనదాన్ని వీలైనంత వెనక్కి నెట్టడమే ఇక్కడి కిటుకు.

చిన్న అల పెద్దదయ్యే తీరు

ఇంతవరకూ చూసిన అనిశ్చితి బయటి నుంచి, అంటే కొనేవారి నుంచి వచ్చేది. గొలుసు తనంతట తానే పుట్టించుకునే అనిశ్చితి అంతకంటే చిత్రమైనది. దీన్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జే ఫారెస్టర్ 1958లోనే గుర్తించాడు. తర్వాతి తరం దీనికి బుల్‌విప్, అంటే కొరడా, అని పేరు పెట్టింది. కొరడా పిడి దగ్గర మణికట్టు కాస్త కదిలితే చాలు, కొస దగ్గర అది పెద్ద ఊపు అవుతుంది కదా, గిరాకీ విషయంలోనూ అంతే.

ఒక చిల్లర వ్యాపారి, అతనికి సరుకు ఇచ్చే టోకు వ్యాపారి, వారి వెనక తయారీదారు ఉన్నారనుకుందాం. ముగ్గురూ తెలివైనవారే. ముగ్గురిదీ ఒకే నియమం: ఈ వారం తనకు వచ్చిన గిరాకీకి సమానమైన సరుకు ఎప్పుడూ తన దగ్గర నిల్వ ఉండాలి. ఇన్నాళ్లూ 100గా ఉన్న అమ్మకం ఈ వారం 110 అయింది, ఆ తర్వాత ఎప్పటికీ 110 దగ్గరే ఉంటుంది. చిల్లర వ్యాపారి అమ్ముడైన 110తో పాటు నిల్వను పెంచుకోవడానికి మరో 10 కలిపి 120కి ఆర్డరు పెడతాడు. టోకు వ్యాపారికి గిరాకీ 100 నుంచి 120కి పెరిగినట్టు కనిపిస్తుంది. అతను 120కి 20 కలిపి 140 అడుగుతాడు. తయారీదారు అదే తీరున 140కి 40 కలిపి 180కి సరిపడే ముడిసరుకు తెప్పిస్తాడు. మరుసటి వారం కొనేవారు మారలేదు, అదే 110. చిల్లర వ్యాపారి 110 అడుగుతాడు. 120 నుంచి 110కి తగ్గిందని టోకు వ్యాపారి 100తో సరిపెడతాడు. 140 నుంచి 100కి పడిపోయిందని తయారీదారు 60కే తెప్పిస్తాడు. బజారులో ఒక్కసారి 10 శాతం పెరిగి నిలకడగా ఉన్న గిరాకీ, మూడంచెల వెనక ఒక వారం 180గా, మరుసటి వారం 60గా కనిపించింది. ముడిసరుకు సరఫరాదారు ఆ మొదటి వారంలో కొత్త యంత్రం కొని ఉంటే అతని గతి ఏమిటి?

ఇందులో ఎవరి పొరపాటూ లేదన్నది గమనించవలసిన విషయం. హావ్ లీ, పద్మనాభన్, వాంగ్ 1997లో రాసిన పరిశోధనలో బుల్‌విప్‌కు నాలుగు కారణాలు చూపించారు, నాలుగూ ఎవరికి వారు సవ్యంగా ఆలోచించడం వల్ల పుట్టేవే. అందిన ఆర్డర్లనే గిరాకీగా భావించి ఊహను సవరించుకోవడం ఒకటి, పైన చూసింది అదే. రవాణా ఖర్చు కలిసొస్తుందని ఆర్డర్లను పోగుచేసి ఒకేసారి పెట్టడం, తగ్గింపు ధర ఉన్నప్పుడు ముందే కొనిపెట్టుకోవడం మరో రెండు. నాలుగోది, అన్నింటికంటే ప్రమాదకరమైనది, కొరత కాలంలో కనిపించే ఎత్తు. సరుకు తక్కువై, అడిగినదాంట్లో సగమే ఇస్తున్నారని తెలిస్తే ప్రతివాడూ రెట్టింపు అడుగుతాడు. కొరత తీరగానే ఆ దొంగ ఆర్డర్లన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. 2001లో నెట్‌వర్క్ పరికరాలు అమ్మే సిస్కో సంస్థ 200 కోట్ల డాలర్లకు పైగా విలువైన నిల్వలను నష్టంగా రాసివేయవలసి రావడంలో ఈ ఎత్తుకూ పాత్ర ఉంది. ఒకే పరికరం కోసం పలువురి దగ్గర పెట్టిన ఆర్డర్లు అంతకుముందు విడివిడి గిరాకీగా లెక్కలోకి వచ్చాయి. 2020లో మహమ్మారి మొదలవగానే వాహన కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు రద్దుచేసుకుని, గిరాకీ తిరిగివచ్చాక తమ వంతు సామర్థ్యాన్ని ఎలక్ట్రానిక్స్ కంపెనీలు తీసేసుకున్నాయని తెలుసుకున్నప్పుడూ ఈ కథే మరో రూపంలో నడిచింది. చిప్ తయారీకి మూడు నెలలకు పైగా పడుతుంది కాబట్టి, తప్పు తెలిసిన రోజునే దిద్దుకునే అవకాశం లేకపోయింది.

దీనికి మందు అందరికీ తెలిసిందే: వెనక అంచెలవారికి ఆర్డర్లు కాక, చివరి అమ్మకాల లెక్క కనిపించాలి. పై ఉదాహరణలో తయారీదారుకు 110 అనే ఒక్క అంకె తెలిసి ఉంటే 180 వచ్చేదే కాదు. సాంకేతికంగా ఇది ఎప్పటి నుంచో సాధ్యం. అయితే తన అమ్మకాల లెక్క చూపించినవాడు మరుసటి బేరంలో బలహీనుడవుతాడనే భయం ఉంది, అది నిరాధారమూ కాదు.

పొదుపు, ఓర్పు

టయోటా కంపెనీలో టయిచి ఓనో తీర్చిదిద్దిన ‘జస్ట్ ఇన్ టైమ్’ పద్ధతిని, అంటే సరిగ్గా అవసరమైన వేళకే సరుకు అందేలా చూసుకోవడాన్ని, నిల్వ లేకుండా బతకడంగా చాలామంది అర్థం చేసుకున్నారు. నిల్వ లోపాలను కప్పిపుచ్చుతుంది కాబట్టి, లోపాలను బయటికి రప్పించి సరిదిద్దేకొద్దీ నిల్వను తగ్గించాలన్నది ఆ పద్ధతి చెప్పేది. నిల్వ తగ్గింపు ఫలితం, సరిదిద్దడం పని. ఫలితాన్ని మాత్రం అరువు తెచ్చుకుని పనిని వదిలేసినవారే ఎక్కువ.

టయోటాకు కూడా దెబ్బలు తగిలాయి. 1997 ఫిబ్రవరి 1న ఐసిన్ సేకి కంపెనీకి చెందిన ఒక కర్మాగారంలో మంటలు లేచాయి. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వ్‌కు టయోటా దాదాపు పూర్తిగా ఆ కర్మాగారం మీదే ఆధారపడింది, చేతిలో ఉన్న నిల్వ కొద్ది గంటలకు మించలేదు. జపాన్‌లో దాని వాహనాల తయారీ ఆగిపోయింది. అయితే అంతకుముందు ఆ వాల్వ్‌ను ఎన్నడూ చేయని చిన్నా పెద్దా సంస్థలు అనేకం కలిసి, నమూనాలు పంచుకుని, కొద్ది రోజుల్లోనే దాన్ని తయారుచేయడం మొదలుపెట్టాయి. వారం తిరిగేసరికి కర్మాగారాలు మళ్లీ నడిచాయి. నిల్వ రూపంలో ఉంచుకోని రక్షణ సంబంధాల రూపంలో, మారగలిగే సామర్థ్యం రూపంలో ఉందన్నమాట. 2011 భూకంపం తర్వాత మాత్రం ఆ సంబంధాలు సరిపోలేదు, ఎందుకంటే చిప్ కర్మాగారాన్ని పొరుగువాడు రాత్రికి రాత్రి అనుకరించలేడు. అప్పటి నుంచి చిప్‌ల సరఫరాదారులు రెండు నుంచి ఆరు నెలలకు సరిపడే నిల్వ ఉంచాలని టయోటా అడిగింది, ఆ నిల్వే 2021 నాటి కొరత మొదటి నెలల్లో దానికి అక్కరకొచ్చింది. పొదుపు పద్ధతికి మారుపేరైన సంస్థ, ఒక వస్తువు విషయంలో మాత్రం ఉద్దేశపూర్వకంగా నిల్వను ఎంచుకోవడంలో వైరుధ్యం ఏమీ లేదు.

ఏ వస్తువుకు ఏ పద్ధతి అనే ప్రశ్నకు నిర్వహణ శాస్త్ర ఆచార్యుడు మార్షల్ ఫిషర్ 1997లో ఒక స్పష్టమైన విభజన చేశాడు. గిరాకీ నిలకడగా, లాభం తక్కువగా ఉండే నిత్యావసర వస్తువుల గొలుసు ఖర్చు తగ్గించేలా ఉండాలి. రేపు ఏమి అమ్ముడుపోతుందో తెలియని కొత్తరకం వస్తువుల గొలుసు వేగంగా స్పందించేలా ఉండాలి, ఖాళీ సామర్థ్యం ఉన్నా ఫరవాలేదు. చూడడానికి సామాన్యమైన మాట, కానీ ఒకే సంస్థ రెండు రకాలనూ ఒకే కొలతతో, యూనిట్ ధరతో, తూచడం నేటికీ సర్వసాధారణం.

కొనుగోలు వైపు చూస్తే ఇదే పొరపాటు మరో వేషంలో కనిపిస్తుంది. ఎక్కువ డబ్బు ఖర్చయ్యే వస్తువుల మీదే యాజమాన్యం దృష్టి ఉంటుంది. ఐసిన్ వాల్వ్ గానీ మెర్క్ పొడి గానీ ఖర్చు జాబితాలో అట్టడుగున ఉండేవే. ఎంఐటీకి చెందిన డేవిడ్ సించి-లెవీ ఇందుకు రెండు తేలికైన కొలతలు ప్రతిపాదించాడు. ఒక సరఫరా స్థానం దెబ్బతింటే కోలుకోవడానికి పట్టే కాలం ఒకటి, అది లేకుండా మనం నెట్టుకురాగల కాలం రెండవది. మొదటిది రెండవదాని కంటే ఎక్కువైన చోటే ప్రమాదం ఉంది. భూకంపం వస్తుందా, వరద వస్తుందా, సమ్మె జరుగుతుందా అని సంభావ్యతలు అంచనా వేసే పని లేకపోవడం ఈ పద్ధతిలోని గొప్ప సౌలభ్యం. కారణం ఏదైనా, మూతపడితే ఏమవుతుందన్నదే ప్రశ్న.

దూరం విషయానికి వస్తే, 1956 ఏప్రిల్ 26న కంటైనర్ రవాణాకు ఆద్యుడైన మాల్కం మెక్లీన్‌కు చెందిన ఐడియల్-ఎక్స్ నౌక 58 కంటైనర్లతో అమెరికాలోని నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరిన నాటి నుంచి సముద్ర రవాణా ఎంత చవకయిందంటే, రవాణా ఖర్చును లెక్కలో దాదాపు మరిచిపోయే స్థితి వచ్చింది. తయారీ ఎక్కడ చవకైతే అక్కడికి వెళ్లింది, ప్రత్యేక నైపుణ్యం ఉన్నచోట పోగుపడింది, గడువులు సాగాయి. మొత్తం సరుకు కొన్ని ఇరుకు దారుల గుండా ప్రవహించసాగింది. 2021 మార్చిలో 400 మీటర్ల పొడవున్న ఎవర్ గివెన్ అనే ఒక్క నౌక అడ్డం తిరిగితే సూయజ్ కాలువ ఆరు రోజులు మూతపడింది. 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో నౌకల మీద జరిగిన దాడుల వల్ల అనేక నౌకలు ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లవలసి వచ్చింది. తయారీని వెనక్కి రప్పించడం లేదా రెండు మూడు దేశాలకు పంచడం దీనికి పరిష్కారంగా చెబుతున్నారు. కొంతవరకు నిజమే, కానీ రెండు దేశాల్లోని ఇద్దరు సరఫరాదారులు ఒకే మూడోవాడి దగ్గర ముడిసరుకు కొంటుంటే పంచినట్టే కాదు, మళ్లీ మెరుపు పొడి కథే.

వెనక అంచెలు కనిపించకపోవడం సరుకు ఆగిపోవడంతోనే ముగిసే నష్టం కాదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయినప్పుడు, తమ దుస్తులు ఆ భవనంలో కుట్టినవో కావో కొన్ని బ్రాండ్లు వెంటనే చెప్పలేకపోయాయి. ఉప ఒప్పందాల మీద ఉప ఒప్పందాలు జరిగినప్పుడు బాధ్యత కూడా అంచెలంచెలుగా పలచబడుతుంది. 2023 జనవరి 1 నుంచి జర్మనీలో అమలైన చట్టం, పెద్ద సంస్థలు తమ సరఫరాదారుల దగ్గర మానవ హక్కుల పరిస్థితిని పరిశీలించాలని నిర్దేశించడానికి నేపథ్యం ఇటువంటి ఘటనలే.

బరువును తగ్గించడం, పక్కవాడి మీదికి నెట్టడం

ఇక్కడ ఒక తేడాను పట్టుకోవాలి. తన గోదాములోని నిల్వను సరఫరాదారు గోదాముకు మార్చి, చెల్లింపు గడువును 30 రోజుల నుంచి 90 రోజులకు పెంచిన పెద్ద సంస్థ లెక్కల్లో నిల్వ తగ్గుతుంది, చేతిలో నగదు పెరుగుతుంది. గొలుసు మొత్తంలో ఒక్క వస్తువు కూడా తగ్గలేదు. పైగా చిన్న సరఫరాదారుకు బ్యాంకు ఎక్కువ వడ్డీకి అప్పిస్తుంది కాబట్టి, అదే నిల్వను మోసే ఖర్చు పెరిగింది. ఆ ఖర్చు కొంత కాలానికి ధర రూపంలోనో, నాణ్యత తగ్గడంగానో, ఆ సరఫరాదారు దివాలా తీయడంగానో తిరిగివస్తుంది. దీన్ని సామర్థ్యం అనడం అలవాటైపోయింది గానీ, ఇది కేవలం బలం.

బరువును నిజంగా పంచుకోవడానికి వీలైన మార్గం ఒప్పందంలోనే ఉంది. అమెరికాలో వీడియో క్యాసెట్లను అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ సంస్థ ఒక్కో క్యాసెట్‌ను స్టూడియో దగ్గర సుమారు 65 డాలర్లకు కొనేది. అంత ధర పెట్టాక, మొదటి కొన్ని వారాలు పోటెత్తి తర్వాత పడిపోయే గిరాకీకి సరిపడా క్యాసెట్లు కొనడం గిట్టుబాటు కాదు. కొత్త సినిమా కోసం వచ్చినవారు ఖాళీ చేతులతో వెనుదిరిగేవారు. గిరాకీ తప్పితే కలిగే నష్టమంతా దుకాణానిదే కావడం వల్ల, స్టూడియోకు మరో క్యాసెట్ చేయడానికి అయ్యే ఖర్చు ఎంత తక్కువైనా దుకాణం తక్కువే కొనేది. 1990ల చివర్లో ఒప్పందం మారింది. క్యాసెట్‌కు ముందుగా 8 డాలర్ల వరకు చెల్లించి, అద్దె రాబడిలో వాటా స్టూడియోకు ఇవ్వసాగారు. దుకాణాల్లో క్యాసెట్లు పెరిగాయి, ఇరువురి రాబడీ పెరిగింది. ఊహ అంతకుముందు కంటే మెరుగైందేమీ లేదు, అది తప్పితే కలిగే నష్టాన్ని ఇద్దరూ మోయడానికి ఒప్పుకున్నారంతే. అయితే ఎన్నిసార్లు అద్దెకు వెళ్లిందో దుకాణం చెప్పే లెక్కను స్టూడియో నమ్మాలి కదా. దుకాణాల్లోని లావాదేవీలను కంప్యూటర్ల ద్వారా సరిచూసుకునే వీలు వచ్చాక గానీ ఇటువంటి ఒప్పందాలు పెద్ద ఎత్తున కుదరలేదు.